ఆటీను రాణి

నాయినమ్మా,

నేను బొమ్మలు గీసిన పత్తాల కట్ట నిన్ననే సూర్యాపేటలో అచ్చై వచ్చింది. ఆటీను రాణికి నీ ముఖమే పెట్టాను, ముక్కుపుడకతో సహా.

పాత కట్టలో ఆ ముక్క పోతే నువ్వు పెళ్లికార్డు కత్తిరించి, కుంకుమతో రాణిని గీశావు. వెనక నుంచి చూసినా అది ఎవరి చేతిలో ఉందో తెలిసిపోయేది. ఇదేం ఆటని నేను అలిగితే, “తెలిస్తే తెలువనియ్యి, ఆడు” అనేదానివి.

ఇవాళ నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక నాన్న, అత్త, నేను రమ్మీకి కూర్చున్నాం. ముక్కలు పంచి నాన్న మా చేతుల వైపే చూస్తూ ఉండిపోయాడు.

“అన్నీ ఒక్కతీరుగ ఉన్నయ్ బిడ్డా. అమ్మ ఎవరి దగ్గరుందో తెలుస్తలేదు.”

ముక్కలన్నీ వెనక్కి తీసుకుని, నిన్ను వెతికి, మూల కొంచెం మడిచాడు. కలిపి మళ్లీ పంచాడు.

ఈసారి నువ్వు అత్త చేతికి వెళ్లావు. ముగ్గురం చూశాం.