ట్యాంకు మూత మీద బొట్టు

షార్జా

అక్కకి, తమ్ముడు సూరిబాబు నమస్కరించి రాస్తున్నది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తయ్యగారి మోకాళ్ల నొప్పులు తగ్గాయో లేదో చెప్పలేదు. ఫోనుండగా ఉత్తరమేమిటంటావు. ఫోన్లో సగం మాట అయ్యేసరికి నీకు పొయ్యి మీద పాలు పొంగుతాయి. ఇది కాస్త నిలబడి వినాల్సిన సంగతి. బండారులంక ఆయనొకరు సెలవు మీద వస్తుంటే చేతికిచ్చి పంపుతున్నాను.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. మధ్యాహ్నం విమానాల షెడ్డు తలుపులు వేసుకుని లోపలే రిపేరు పని చేస్తాం. గదిలో వంట వంతులవారీ. నా వంతు రోజున అందరూ తింటారు, మిగతా రోజుల్లో నేను సర్దుకుంటాను. షెడ్డు చుట్టూ ఇసకే. ఎటు చూసినా నీళ్లు కనబడకపోవడం ఇంకా అలవాటు కాలేదు.

మా ఫ్లయింగ్ క్లబ్బులో ఒక పాత విమానం ఉంది. ఇద్దరు పట్టేంత చిన్నది, రెక్కలకి బట్ట తొడిగి ఉంటుంది. దాని యజమాని ఒక పెద్ద వయసు తెల్లాయన. ఈ మధ్యంతా అది మమ్మల్ని తిప్పలు పెట్టింది. నేల మీద స్టార్టు చేస్తే కాసేపు చక్కగా తిరిగి ఆగిపోయేది. గాలిలో అలా ఆగితే మనిషి మిగలడు కనక ఎగరనివ్వలేదు. ఫిల్టరు కడిగాం, గొట్టం మార్చాం, కార్బురేటరు విప్పి బిగించాం. పెట్రోలు గాజుసీసాలోకి పట్టి నీళ్లు కలిశాయేమో చూశాం. శుభ్రంగానే ఉంది. ఆగినప్పుడల్లా ట్యాంకు మూత తీసి పెట్రోలు చూసేవాళ్లం. మూత పెట్టి మళ్లీ తిప్పితే ఏమీ ఎరగనట్టు తిరిగేది.

చివరికి మా మలయాళీ ఇంజనీరు, మూత జోలికి ఎవరూ పోవద్దన్నాడు. ఇంజను ఆగాక తనే చెవి దగ్గరగా పెట్టి మూత తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి ఆ మేర గాలి లోపలికి రావాలి. అందుకు మూతకి సన్నటి కన్నం ఉంటుంది. అది పూడిపోయింది. పూడ్చింది తెల్లాయనే. వచ్చినప్పుడల్లా ముద్దుగా మూతకి పాలిషు రుద్దేవాడు. ఆ మైనం కన్నంలో చేరి గట్టిపడింది. సంగతి తెలిశాక ఆయన మొహం చూస్తే జాలేసింది.

ఇప్పుడు మన సంగతి. బావగారి పడవ ఇంజను లంకకి వెళ్తూ నడిగోదావరిలో ఆగిపోతోందన్నావు. ఆగినప్పుడు ఏం చేస్తారని ఫోన్లో ఆయన్నే అడిగాను.

"ఏవుందండి బావా, గోదారమ్మకి దణ్ణం పెట్టేసుకుని, డీజిలుందో లేదో మూత తీసి చూసి, మళ్లీ తిప్పితే అందుకుంటుందండి" అన్నారు.

దణ్ణం సంగతి నాకు తెలియదు. మూత సంగతి తెలుసు.

నువ్వు పంపిన పడవ ఫోటో పెద్దది చేసి చూశాను. శుక్రవారం శుక్రవారం ఇంజనుకి పసుపు రాసి బొట్టు పెడతావు కదా. గుండ్రంగా పైకి కనబడేది ట్యాంకు మూతే కనక దాని నడిమధ్యనే పెట్టావు. ఇంజను ఆగిందని తెలిసినప్పుడల్లా భయపడి ఇంకాస్త మందంగా పెడుతున్నావు. పొర మీద పొర అట్టకట్టింది. కన్నం సరిగ్గా అక్కడే ఉంటుందక్కా.

బావగారికి ఇదే చెప్పాను. "ఆయ్, నిజవేనేమోనండి. కానీ మీ అక్క పెట్టిన బొట్టు నా చేత్తో తుడవలేను బావా" అన్నారు. పోనీ మూత వదులుగా ఉంచమంటే డీజిల్లోకి నీళ్లు చిమ్ముతాయన్నారు. ఆయన తుడవరు, ఇంకొకర్ని తుడవనివ్వరు. అందుకే నీకు రాస్తున్నాను. ఇంకొన్నాళ్లలో గోదారికి వరద ఎర్రనీళ్లు వచ్చేస్తాయి. ఆ వడిలో ఇంజను ఆగితే దణ్ణం పెట్టేంత వ్యవధి ఉండదు. నాకు భయంగా ఉంది.

అపశకునమని అనుకోకు. మూత ఊడదీసి, వేణ్ణీళ్లలో నానబెట్టి, నీ చేత్తోనే కడుగు. పిన్నీసుతో కన్నం పొడిచి, వెలుతురుకి పెట్టి చూడు. ఆనక బొట్టు ఇంజను పక్క రేకు మీద పెట్టుకో, ఎంత పెద్దదైనా సరే. తెల్లాయన పాలిషు మానలేదు, కన్నానికి వేలు అడ్డం పెట్టుకుని రుద్దుతున్నాడు.

వీలైతే కాస్త రొయ్యపొట్టు, వచ్చేవాళ్లెవరైనా ఉంటే పంపు. అత్తయ్యగారికి, బావగారికి నా నమస్కారాలు. నువ్వు దీవిస్తే చాలు నాకు.

ఇది చదవగానే పొయ్యి ఆర్పేసి రేవుకి వెళ్లు. బావగారు పడవ తీయకముందే వెళ్లు.

నీ తమ్ముడు,
సూరిబాబు