సమతాస్థితి లెక్కకు సున్నా

అరకు,
12 ఆగస్టు 2006

అమ్మా సోనీ,

నేను నీ కెమిస్ట్రీ మేడమ్‌ని. ఇంటర్లో ఆ సమతాస్థితి లెక్క గుర్తుందా? లీటరు పాత్రలో ఒక మోల్ ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్, స్థిరాంకం 0.04, ఎంత విడిపోతుంది? ఒకటిలోంచి విడిపోయే భాగం x తీసేయక్కర్లేదు, అది చిన్నదే, వదిలేయండి అని నేర్పాను. గైడులో జవాబు 0.2. నువ్వు దేన్నీ వదలకుండా వర్గ సమీకరణం మొత్తం చేసి 0.18 తెచ్చావు. సున్నా వేశాను. పేపరు పట్టుకుని స్టాఫ్‌రూముకొచ్చావు.

“మేడమ్, మీ 0.2 తిరిగి ఎట్టి సూడండి. 0.05 వత్తాది. నాది ఎడితే 0.04.”

“ఏటే గుంటా, గైడు రాసినోళ్లకంటే నీకెక్కువ తెలుసా?” అన్నాను. పక్కనున్న ఫిజిక్స్ లక్ష్మీప్రసాద్ గారు నవ్వారు. ఆ నవ్వు కోసమే అన్నానేమో.

అవి నాలుగు మార్కులు. విశాఖపట్నంలో ఎంసెట్ కోచింగ్‌కి పంపే ఐదుగురిలో నీ పేరు రెండు మార్కులతో పోయింది. మీ నాన్న సోంబరు పెదబయలు నుంచి వచ్చి, “మా గుంట తప్పు సేసిందా, అమ్మా?” అని అడిగితే, “చేసింది” అన్నాను.

నువ్వు స్టాఫ్‌రూముకొచ్చిన సాయంత్రమే ఇంటికెళ్లి రెండు జవాబులూ తిరిగి పెట్టి చూశాను సోనీ. నీదే సరైనది. కోచింగ్ జాబితా అప్పటికింకా ప్రిన్సిపాల్ బల్ల మీదే ఉంది. ఒప్పుకుంటే అందరి ముందూ చులకనైపోతానని ఊరుకున్నాను. ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు రాస్తున్నది నీ కోసమా, నా మనశ్శాంతి కోసమా, అదీ తేల్చుకోలేకపోతున్నాను. క్షమిస్తావా?

నీ
రత్నాలు మేడమ్

పెదబయలు,
3 సెప్టెంబరు 2006

మేడమ్ గారికి నమస్కారం.

మీకు తెలుసని నాకు అప్పుడే తెలుసు. మర్నాడు క్లాసులో, వచ్చిన జవాబును తిరిగి పెట్టి సరిచూసుకోండి అని కొత్తగా చెప్పారు. నా బెంచీ వైపు మాత్రం చూడలేదు. చెప్పేస్తారు కదా అని వారం రోజులు ఎదురుచూశాను.

ఇంటర్‌తో ఆపేశాను. కాఫీ తోట పని, ఇద్దరు పిల్లలు. దానికి అలవాటుపడ్డాను.

మా నాన్న సంతలో చింతపండు రెండోసారి తూయించనిదే షావుకారుకి ఇచ్చేవాడు కాదు. అలాంటి మనిషి మీ మాట ఒక్కసారికే నమ్మేశాడు. “మేడమ్ అబద్దం ఆడదు. నువ్వే సరిగా సదవనేదు” అన్నాడు. కాగితం మీద చేసి చూపించాను. ఆయనకు అంకెలు రావు. నిరుడు జ్వరంతో పోయేదాకా అదే మాట.

ఈ ఉత్తరం ఆయనకు రాయాల్సింది, మేడమ్. నేను చదివి వినిపించేదాన్ని.

సోని