ముందు కుడి చక్రం

ఎన్డోలా, జాంబియా,
మార్చి 9.

ముతాలె నాన్నగారికి,

ఇక్కడ నేనూ ముతాలె కులాసాగానే ఉన్నాం. రేవులో పని ఎక్కువైనా మీ ఒంట్లో బాగానే ఉందని మీ ఉత్తరమే చెప్పింది కాబట్టి మళ్ళీ అడగను. ఫోనులో అయితే సగంలో పెట్టేస్తారు. అందుకే ఇది రాసి, మీ ఉత్తరం తెచ్చిన లారీ డ్రైవరు చేతికే ఇస్తున్నాను.

మీరడిగినవాటికి జవాబులు ముందు రాస్తాను. కప్పు కారడం ఆగింది. రెండు రేకులు నేనే ఎక్కి మార్చాను. ముతాలె లెక్కల్లో తరగతిలో రెండోది. నాన్న ఎప్పుడొస్తాడని ఈమధ్య అడగడం మానేసింది. మీ మూడో ప్రశ్న: "ఇంకా ఆ చక్రాల పని మానలేదా? నా పెళ్ళాం చేతులు మెకానిక్ చేతుల్లా ఉంటే నలుగురిలో నాకు తలవంపులు" అని రాశారు. మానలేదు. గోతుల్లో పడి, గట్లకు రాసుకుని అంచులు చెక్కుకుపోయిన అల్లాయ్ చక్రాలు మన పెరట్లోకి వస్తూనే ఉన్నాయి. బ్రేకు మసి కడిగి, పాత పూత ఊడదీసి, గరుకు కాగితం నుంచి నున్నటి కాగితం దాకా తడిపి తడిపి రుద్దుతున్నాను. నా పేరు కిట్వే దాకా పాకింది. అలా పాకకపోయినా బాగుండేదేమో.

ఫిబ్రవరి మూడో వారంలో న్కండు అనే పిల్ల కిట్వే నుంచి బూడిదరంగు కారు వేసుకుని వచ్చింది. పాతికేళ్ళు దాటవు. వీపున చితెంగె గుడ్డలో ఏడాది లోపు మగబిడ్డ, పేరు కాబ్వే.

"అక్కా, మీ చేతిలో పడితే చక్రాలు కొత్తవైపోతాయట కదా! సోమవారం వీణ్ణి తీసుకుని కసామా వెళ్తున్నా, మా అమ్మ ఇంకా చూడలేదు. బండి చూసి మా ఊళ్ళో అందరూ కుళ్ళుకోవాలి."

"బండి ఎవరు కొన్నారేంటి?"

"మా ఆయన. దార్ ఎస్ సలాంలో ఉంటాడు, రేవులో."

"మా ఆయనా అక్కడే! మనవైపు మగాళ్ళందర్నీ ఆ రేవు మింగేసినట్టుంది."

ఇద్దరం పగలబడి నవ్వాం. బిడ్డకు గంజి కాచి ఇచ్చాను. శనివారం వస్తానని బండి వదిలి వెళ్ళింది.

మర్నాడు చక్రాల నట్లు విప్పే తాళం కోసం డాష్‌బోర్డు అర తెరిస్తే చీటీ దొరికింది. "న్కండూ, ముందు కుడి చక్రంలో గాలి దిగుతోంది. దూరం పోకముందే చూపించు. బాబు జాగ్రత్త. ఇట్లు, కాబ్వే నాన్న." పన్నెండేళ్ళుగా మీ ఉత్తరాలు చదువుతున్నదాన్ని, ఆ రాత పోల్చుకోనా? అయినా నమ్మలేక కింద ఉన్న కాగితం తీశాను, రేవు నుంచి ఆ బండి విడిపించినప్పటిది. మీ పూర్తి పేరు, మీ సంతకం. మన కప్పు రేకులకు ఏడాదిపాటు చేతులు ఖాళీ అన్న మనిషి సంతకం.

నేను ఏడవలేదు. నాలుగు చక్రాలూ తళతళలాడేలా చేసి శనివారం అప్పగించాను. "దేవుడు మీ చేతులు చల్లగా చూడాలక్కా" అని ఆ పిల్ల నా చేతులు పట్టుకుంది.

ఇంతవరకూ రాసింది మీ తప్పు. ఇక నాది రాయాలి.

శుక్రవారం ఆ ముందు కుడి చక్రం లోపలివైపు సబ్బునీళ్ళు పోసి చూశాను. బుడగలు వచ్చాయి. మసి తుడిస్తే వెంట్రుకలాంటి పగులు, వేలెడు పొడవు. అలాంటి చక్రం పనికిరాదు, వేగంలో విరిగిపోవచ్చు. ఇన్నేళ్ళలో ఎంతమందికి చెప్పి, ఎన్ని పక్కన పడేయించానో. ఈసారి చెప్పలేదు. పగుల్లోకి పుట్టీ నొక్కి, ఆరనిచ్చి, సాపు చేసి, పైన పూత వేశాను. మళ్ళీ సబ్బునీళ్ళు పోస్తే ఒక్క బుడగ రాలేదు. నా చేతులు వణకలేదు. అది మీకు తెలియాలనే రాస్తున్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి మొక్కజొన్న న్షిమా ముందు కూర్చున్నాను. నా గంజి తాగి మూతి తుడిపించుకున్న బిడ్డ కళ్ళముందు మెదిలాడు. ముతాలెను పక్కింట్లో దింపి మినీబస్సెక్కాను. కిట్వేలో చిమ్వెమ్వే పేటలో ఆమె ఇల్లు దొరికేసరికి బిడ్డకు నీళ్ళు పోస్తోంది.

"రేపు బండి కదిలించకు. ముందు కుడి చక్రం పగిలింది. నాకు తెలిసీ పుట్టీ పెట్టి దాచాను."

"దాచారా? ఎందుకక్కా?"

అప్పుడు నేనెవరో చెప్పాను. బిడ్డను తువ్వాలులో చుట్టి గట్టిగా పొదువుకుంది. మీకు ముందే పెళ్ళయిందని ఆమెకు తెలియదట. వాడి తల తుడిచింది. తర్వాత నన్నడిగింది ఒకటే.

"నిన్న ఎన్డోలా నుంచి ఇక్కడిదాకా ఆ చక్రం మీదే వచ్చాం నేనూ వీడూ. మీరు గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపారు. ఊపారా లేదా?"

"ఊపాను."

"ఇంక వెళ్ళండి."

చక్రం విప్పి, పుట్టీ గీకి, పగులు చూపించి వచ్చాను. ఆమె గుమ్మంలోనే నిలబడి చూసింది. మంచినీళ్ళు ఇవ్వలేదు. ఇవ్వాల్సిన పనీ లేదు. మర్నాడు కసామాకు బస్సులో వెళ్ళిందని తర్వాత తెలిసింది.

ఏప్రిల్‌లో వస్తానన్నారు. ఈ ఇంటికి రాకండి. మీ బట్టలు పెట్టెలో సర్ది మీ అన్నగారింటికి పంపాను. నా తప్పు చూసి మీ తప్పు చిన్నదనుకోకండి. నేను కూడా మీది చూపించి నాది చిన్నది చేసుకోను.

ముతాలెకు తమ్ముడున్నాడని చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. పేరేమిటని అడిగింది, చెప్పాను. చూడాలంది. న్కండు ఊరినుంచి వచ్చిందట, ఈ ఆదివారం తీసుకెళ్తున్నాను. నన్ను గడప తొక్కనిస్తుందనుకోను. పిల్లను రానిస్తే చాలు, నేను రోడ్డు మీద నిలబడతాను.

ఇట్లు,
ముతాలె అమ్మ.