మిట్టమధ్యాహ్నం దయ్యం

మౌలాలీ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. దయ్యాల్లేవని మనమిద్దరం ఊరూరా తిరిగి చాటినం గద. మిరప కల్లంలో నువ్వు కూలిపోతే, మిట్టమధ్యాహ్నం దయ్యం కొట్టిందన్నది మన మానవపాడు ఊరు. గుండెపోటన్నది దవాఖాన కాయితం. వడదెబ్బ అని ఒక్కరూ రాయలే.

ఇయ్యాల వడగాడ్పులని సర్కారు మైకు బండొచ్చింది. "పన్నెండు నుంచి నాలుగు దాక ఎవరూ బయటికి రావొద్దు!" ఎంకమ్మవ్వ అరుగు మీద కూసోని నవ్వింది. "గదే నేను చెప్తే మూఢనమ్మకమని కొట్లాడితివి గద సారూ!"

నేనూరుకుంటనా? "అవ్వా, ఈ ఎండను దయ్యం పంపలే. బొగ్గు తగలబెట్టి లాభాలు తిన్నోళ్లు పంపిన్రు. వాళ్లనాపకుండ కూలోణ్ని ఇంట్ల కూసోమనుడేనా సర్కారు విధానం?" అన్న.

బండి పోయినంక వీధిలో కాకి లేదు, కుక్క లేదు. తలుపులన్నీ మూసుకున్నయి. అప్పుడు తారురోడ్డు మీద తలకు తువ్వాల కప్పుకొని ఒక ఆకారం చప్పుడు లేకుండ వచ్చింది. నిజం చెప్తున్న, నాకు భయమైంది; దయ్యాలకు కాళ్లుండవంటరని ముందు కాళ్ల దిక్కే చూసిన. దగ్గరికొస్తే నీ భార్య ఖాజాబీ. అదే మిరప కల్లానికి పోతున్నది.

"ఇప్పుడు పోవద్దమ్మా."

"ఇంట్ల కూసుంటే పొయ్యెవరు ముట్టిస్తరు భయ్యా?"

ఆమె నడిచిపోయింది. రోడ్డు మీద ఆవిర్లు ఆడుతున్నయి మౌలాలీ. ఆ ఆవిర్లల్ల ఆమె కాళ్లు కనపడలే.