కారెక్కని సైకిల్

డూగల్,

గొర్రె చాప్స్ ఫ్రిజ్‌లో ఉన్నాయి, వేయించుకో. పెరటి గేటు గడియ పెట్టు, నిన్న వాలబీలు క్యాబేజీ మొక్కలు మొత్తం మేసేశాయి.

నువ్వు పుట్టినరోజుకి కొనిచ్చిన సైకిల్‌ని పొద్దున కారు పైకెక్కిద్దామని చూశాను. లాన్సెస్టన్‌లో అక్క దగ్గర రెండు వారాలుండి అక్కడి కొండల్లో తొక్కాలని నా ఆశ, నీకు తెలుసు. మన కారు మీది స్టాండేమో ముందు చక్రం తీసేసి, దాన్ని పట్టుకునే ఫోర్కు రెండు కాళ్లనీ బిగించే రకం. కుదుపులు మింగే ఈ కొత్త ఫోర్కుకి ఉన్నది ఎడమ కాలొక్కటే. గంటసేపు తాళ్లతో కట్టాను, ఒరిగిపోతూనే ఉంది.

సైకిల్ బాగుంది, కాదనను. ఆ పెద్ద చక్రాలు రాళ్లూ చెట్ల వేళ్లూ ఉన్నట్టే తెలియనివ్వవు. కానీ ఎంత తొక్కినా పొద్దుగూకేసరికి మళ్లీ ఈ డెర్బీ, ఈ గుమ్మం. ఊళ్లో అందరూ "అదృష్టవంతురాలివి" అంటుంటే నవ్వి ఊరుకుంటున్నాను.

వ్యాను డ్యూటీకి టైమైంది. ఈ పూట కూడా వేరేవాళ్ల సైకిళ్లు కొండెక్కించాలి.

మెరిన్

మరిచాను. వేరే స్టాండు ఉందేమోనని సైకిల్ షాపు కెల్‌కి ఫోన్ చేశాను. "ఆ సైకిల్ మీ కారు మీద నిలబడదని కొన్నరోజే చెప్పాను కదమ్మా. 'పర్లేదులే కెల్, తనెక్కడికెళ్తుంది' అన్నాడు మీ ఆయన" అన్నాడు. అక్కకి రానని చెప్పేశాను.