ఎదురింటావిడ చావుకు కసరత్తు

నోబు గారికి,

ఈ వారం కూడా నేను రావలసిన రోజున గాలి పడవను కదలనివ్వలేదు. రేవులో నిలబడి మీ దీవి వైపు చూస్తే మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. అందుకని కసరత్తులు ఉత్తరంలో పంపిస్తున్నాను.

మా ఆఫీసువాళ్ళు ప్రతి రోగికీ ఒక లక్ష్యం రాయమంటారు. మీరు చెప్పింది నాకు బాగా గుర్తుంది: "ఎదురింటి కికుయో చచ్చినప్పుడు చాప మీద మోకాళ్ళపై కూర్చుని, సాంబ్రాణి వేసి, నుదురు చాపకు ఆనేలా వంగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవాలి." నేను దాన్ని "స్థానిక కార్యక్రమాలలో పాల్గొనుట" అని రాశాను. మా మేనేజరు మెచ్చుకున్నారు. ఒకరు బాగుపడ్డారని తేలాలంటే ఇంకొకరు పోవలసి రావడం మాత్రం నా ఉద్యోగంలో ఇదే మొదలు.

బల్ల అందేలా పెట్టుకుని మెల్లగా మోకాళ్ళ మీదికి దిగండి. లేచేటప్పుడు విరగని తుంటి వైపు కాలు ముందు. ఏ సందర్భం కోసం నేర్చుకుంటున్నారో ఆ బట్టల్లో, ఆ వస్తువులతో సాధన చేస్తే తొందరగా ఒంటబడుతుంది.

మీ
ఇసొగాయ్ ఫుమినో
(ఫిజియోథెరపీ, దీవుల విభాగం)

తా.క. కికుయో గారికి కూడా నేనే నేర్పుతున్నానని మీకు తెలుసు. ఆవిడ లక్ష్యమేమిటని దయచేసి నన్ను అడగకండి.

*

టీచరమ్మకు నోబు రాసేది.

మీరు చెప్పినట్టే చేశాను. పెట్టెలోంచి నల్ల కిమోనో తీశాను. కలరా ఉండల కంపు. సాంబ్రాణి వెలిగించి, గంట కొట్టాను. దండం పెట్టడానికి మనిషి లేకపోతే ఒళ్ళు వంగడం లేదని, వృద్ధుల సంఘం వాళ్ళతో వేడినీళ్ళ ఊటకు వెళ్ళినప్పుడు మేమిద్దరం దిగిన ఫోటో బయటికి తీసి, నేనున్న సగం మడిచి, కికుయో కనబడేలా నిలబెట్టాను.

మూడో దండం దగ్గర చేపల సొసైటీ గుమాస్తా పెళ్ళాం ముల్లంగి ఇద్దామని వచ్చింది. నన్ను చూసింది, ఫోటో చూసింది, ముల్లంగి గడపలో వదిలేసి పోయింది. మధ్యాహ్నానికల్లా కికుయో పోయిందని ఊరంతా తెలిసింది. నల్లబట్టలు కట్టుకుని, సంతాపపు డబ్బు పెట్టిన కవర్లు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. తలుపు కికుయోనే తీసింది.

దీనికంత పంతమెందుకని మీరడిగారు ఒకసారి. నా మొగుడు పోయినప్పుడు అది వచ్చి ఎంత అందంగా వంగిందంటే, ఊరు ఏడాదిపాటు ఆ దండం గురించే చెప్పుకుంది. ఏడ్చింది నేను, పేరు దానికి.

నోబు

తా.క. కవర్లు తిరిగి ఇచ్చిందనుకుంటున్నారేమో. తీసుకుందట. "చావు వచ్చినప్పుడు ఎలాగూ తీసుకోవాల్సిందేగా" అందట.

*

నోబు గారికి,

మీ ఉత్తరం బస్సులో చదివాను. నవ్వొచ్చింది, దిగాక సిగ్గేసింది. తప్పు నాది. మామూలు బట్టల్లో చేయండి. గంట వద్దు. ఫోటో అసలే వద్దు.

ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్ళూ రోగులను నడిపించి ఇంటికి పంపేదాన్ని. ఆ కాళ్ళు ఎక్కడికి వెళ్ళాయో తెలిసేది కాదు. అది తెలుసుకోవాలనే నలభై దాటాక ఆ ఉద్యోగం మాని పడవలెక్కాను. "ఎదగడం మానేసి తిరగడం మొదలుపెట్టావేమిటే" అంది మా అక్క. ఇప్పుడు ఎవరి కాళ్ళు ఎందుకు కావాలో అంతా తెలుస్తోంది. తెలియడం మంచిదేనా అన్నది మాత్రం తేలడం లేదు.

కికుయో గారితో ఒకసారి టీ తాగి చూడకూడదూ? ఇద్దరికీ మంచి వ్యాయామం.

మీ
ఫుమినో

తా.క. వీధి దాటేటప్పుడు చేతికర్ర మరవకండి. కొట్టడానికి కాదు.

*

టీచరమ్మకు,

టీ తాగమన్నారు కదాని వీధి దాటాను. కిటికీలోంచి చూద్దును కదా, కికుయో నల్లబట్టల్లో మోకాళ్ళ మీద ఉంది. ఎదురుగా అదే ఫోటో, వాళ్ళింటి కాపీ. మడిచిన సగం దానిది. కనబడుతున్న సగంలో నేను.

అంటే మీరు ఇద్దరికీ ఒకే పాఠం చెబుతున్నారన్నమాట. దాని లక్ష్యం కూడా "స్థానిక కార్యక్రమాలలో పాల్గొనుట" అనే రాశారా? మాలో ఎవరు ముందు పాల్గొంటారని మీ లెక్క?

లోపలికి వెళ్ళాను. "చూడటానికొచ్చావా, నేర్చుకోవడానికా?" అంది. "సాంబ్రాణి సగం చాప మీదే పోస్తున్నావే" అన్నాను. "నీ పిర్ర మడమకు ఆనడం లేదు, గాల్లో ఉంది" అంది. టీ ఇచ్చింది. చల్లారిన టీ.

అప్పటినుంచి పొద్దున్నే అది గంట కొడుతుంది, నేను కొడతాను. దగ్గుతూ కొడుతుంది.

నోబు

తా.క. రెండు రోజులుగా గంట వినబడటం లేదు. మొండిది, నాకు తెలియకుండా సాధన చేస్తోంది.

*

నోబు గారికి,

సొసైటీ నుంచి ఫోను వచ్చింది. కికుయో గారి కబురు విన్నాను. రేవుకు వెళ్ళాను, ఆ రోజు కూడా పడవ లేదు. ఓదార్పు మాటలు రాద్దామనుకున్నాను. మీకు ఏం రాస్తే ఓదార్పవుతుందో తెలియలేదు.

ఇది అడగడానికి నోరు రావడం లేదు. మీ దీవిలో నాకిక మిగిలిన రోగి మీరొక్కరే. లక్ష్యం నెరవేరిందని రాస్తే మీ పేరు కొట్టేస్తారు, నా పడవా ఆగిపోతుంది. నెరవేరలేదని రాస్తే, ఇంకెప్పుడని అడుగుతారు. ఏం రాయను?

మీ
ఫుమినో

తా.క. లేచేటప్పుడు ఎవరైనా పట్టుకున్నారా?

*

టీచరమ్మకు,

ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోవలసిన పని పడలేదు.

కర్ర కూడా లేకుండా వెళ్ళాను. ఊరంతా చాప మీద మోకాళ్ళపై కూర్చుని ఉంది. నట్టనడుమ, కికుయో ఫోటోకి ఎదురుగా ఒకే ఒక్క కుర్చీ. దాని మీద దిండు. దాని కొడుకు ఎదురొచ్చి చెప్పాడు: "నోబు గారికి కుర్చీ వెయ్యమని అమ్మ చెప్పి పోయింది. తుంటి విరిగినవాళ్ళకి నేల మంచిదా అని మీ టీచరమ్మకి ఉత్తరం రాసి కనుక్కుంది." మంచిది కాదు, కుర్చీయే మేలు అని మీరు జవాబు రాశారట. చక్కగా రాశారు.

కుర్చీ పక్కకు నెట్టి నేల మీద కూర్చుంటే, పోయినామె ఆఖరి కోరిక కాదన్న పాపిష్ఠిదాన్నవుతాను. కూర్చున్నాను. కుర్చీలోంచి నుదురు చాపకు ఆనదు టీచరమ్మా. తల ఊపి వచ్చాను, బస్సు కండక్టరుకు ఊపినట్టు. వెనకాల అందరూ ముక్కులు చీదుతున్నారు. "ఆ తల్లిది ఎంత మంచి మనసో" అని. చచ్చాక కూడా పేరు దానికే.

జాలిపడిందో, నా దండం దొంగిలించిందో తెలియడం లేదు. ఆ ఉత్తరంలో ఏ గొంతుతో అడిగిందో మీకు తెలిసి ఉంటుంది. నాకు చెప్పొద్దు. పొద్దున్న లేచాక ఆలోచించుకోవడానికి నాకు ఇంకేమీ లేదు.

లక్ష్యం ఇలా రాసుకోండి: కొండ మీది శ్మశానం దాకా నడిచి వెళ్ళి, కికుయోనే అడగడం. మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. చాలాకాలం పడుతుంది. పడవ నడిచిన రోజే రండి.

నోబు

తా.క. సమాధి ముందు నేల చూసి రమ్మని గుమాస్తా పెళ్ళాన్ని పంపాను. కుర్చీ నిలవదట.