వెల్లుల్లి దగ్గర ఆగిన కారం

పెద్దమ్మ గారికి వందనాలు.

ఫోనులో అడిగితే అమ్మ వింటుందని ఉత్తరం రాస్తున్నాను. తబితక్కకు పుట్టిన పాప పోయి వారం అవుతోంది. అక్క ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది. బాలింత కారం కొడదామంటే అమ్మ నా మీద విరుచుకుపడింది. "పాపే లేనప్పుడు బాలింత కారం ఏంటే? ఆ మాట దాని చెవిన పడనివ్వకు" అంది. కానీ కన్నది అక్కే కదండీ, నెత్తురు పోయింది అక్కకే కదండీ.

అమ్మ చర్చికి వెళ్ళాక ధనియాలు, జీలకర్ర, మిరియాలు, శొంఠి, కరివేపాకు మీరు చేసినట్టే విడివిడిగా వేయించాను. ఆ వాసనకు అక్క లేచి కూర్చుని, "అన్నం ఉందా?" అంది. ఇన్నాళ్ళకు తనంతట తను అడిగింది.

వెల్లుల్లి ఒలుస్తుంటే మీ మాట గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. "దండిగా వెయ్యాలే, పాలు పడాలి" అనేవారు మీరు. అక్క జాకెట్టు ఇప్పటికే తడిసిపోతోంది. అమ్మ చూడకుండా నేనే ఉతికి ఆరేస్తున్నాను.

పెద్దమ్మా, పాలు పడకుండా ఒంటికి బలం మాత్రమే వచ్చేలా కారం ఎలా కొట్టాలి? జీలకర్ర కూడా తీసెయ్యాలా? వేయించినవి డబ్బాలో దాచాను. మీ జవాబు వచ్చేదాకా అక్కకు ఒట్టి చారన్నమే పెడతాను.

మీ చెల్లెలి చిన్నకూతురు